తలుపుకు ఆనించిన చీపురు

ఆ గురువారం ఉదయం తైమి చేయవలసిన పని ఒక్కటే. వేడి రొట్టెను గుడ్డలో చుట్టుకుని వెళ్లి బడి మెట్టు మీద పెట్టాలి. తలుపు తట్టకూడదు, దగ్గకూడదు, వీలైతే మంచు మీద అడుగు చప్పుడు కూడా కాకూడదు. పెట్టి వచ్చేయాలి. మధ్యాహ్నం మున్సిపాలిటీ నుంచి యార్కో వస్తాడు. బడిలో దిగిన అతిథిని ఒకే ఒక ప్రశ్న అడుగుతాడు: "నిశ్శబ్దంగా ఉందా?" ఆవిడ "ఉంది" అంటే బడి నిలుస్తుంది. "లేదు" అంటే మంచు కరిగాక కూల్చేస్తారు.

ఉత్తరాది మంచుసీమలోని పల్లె హిర్విలంపిలో ఆ బడి మూతబడి పదకొండేళ్లయింది. తైమి చదువుకున్నది అందులోనే. ఆ తరువాత ఇరవై ఏడేళ్లు అందులోనే పిల్లలకు వంట చేసింది. ఇప్పటికీ గురువారం వచ్చిందంటే ఆమె చెయ్యి, బడిలో ఆ రోజు తప్పక వండిన బఠాణీ సూప్ గరిటె కోసం దానంతట అదే వెతుకుతుంది. నిరుడు శరత్కాలంలో వాడుకలో లేని భవనాల జాబితా పట్టుకుని యార్కో వచ్చాడు. దక్షిణాన చదువుకున్న కుర్రాడు. తైమి ముఖం చూసి జాలిపడి ఒక ఉపాయం చెప్పాడు.

"ఇప్పుడు ప్రయాణాల తీరు మారిందండీ. జనం ఎండలకు తాళలేక చలి వెతుక్కుంటూ వస్తున్నారు. ఫోన్ ఉండకూడదు, పక్కన మనిషి ఉండకూడదు, చప్పుడు ఉండకూడదు. మీ ఊళ్లో ఏమీ లేదు కదా, ఆ ఏమీ లేకపోవడాన్నే చూపించండి."

పక్కింటి ఓయివా ఆ మాట విని పడీ పడీ నవ్వాడు. తైమి, అతనూ చిన్నప్పుడు ఒకే బెంచీ. "ఏమీ లేకపోవడమే సరుకైతే, తైమీ, మనకంటే షావుకార్లు ఈ భూమ్మీద లేరే!"

అయినా తైమి పట్టు వదల్లేదు. తరగతి గదిలో మంచం వేసింది, పొయ్యి బాగుచేయించింది. మార్చిలో మొదటి అతిథి దిగింది. స్పెయిన్‌లోని సెవిల్ నుంచి వచ్చిన రోసియో అనే నలభై ఏళ్ల ఆవిడ. ఒప్పందం ప్రకారం ఆమె ఫోన్ బిస్కెట్ల డబ్బాలోకి, ఆ డబ్బా తైమి అలమరలోకి వెళ్లాయి. మూడు రోజులు ఊరు ఊరంతా మునివేళ్ల మీద నడిచింది. మంచు బండ్లు షెడ్లలోంచి బయటికి రాలేదు. దుకాణం నడిపే హెల్వి తన కుక్కను మేనల్లుడి ఇంటికి పంపేసింది.

తైమి బడి ముందుకు వచ్చి ఆగిపోయింది. వాకిలి తలుపుకు చీపురు అడ్డంగా ఆనించి ఉంది.

ఆ ఊళ్లో తలుపులకు తాళాలు వేయడం తైమి ఎన్నడూ చూడలేదు. ఇంట్లో లేనివాళ్లు బయటి నుంచి తలుపుకు చీపురు ఆనించి పోతారు. చీపురున్న తలుపును ఎవరూ తట్టరు, ఎవరూ తీయరు. చిన్నప్పుడు ఊళ్లో పధ్నాలుగు ఇళ్ల ముందు ఈ చీపుళ్లు పొద్దున లేచి నిలబడి, సాయంత్రం పడుకుని, మనుషుల కంటే ఎక్కువ కబుర్లు చెప్పేవి. ఇప్పుడు ఏడిళ్ల ముందు అవి ఏడాది పొడవునా నిలబడే ఉంటున్నాయి.

అతిథి కోసం గోడ పక్కన మంచులో గుచ్చి ఉంచిన స్కీలు, మంచు మీద జారే ఆ పొడుగు చెక్కలు, లేవు. వాటిని దొంగలెత్తుకుపోవడం ఆ ఊళ్లో జరగని పని. బడి మూల నుంచి సరస్సు వైపుగా, రాలిన మంచుతో సగం పూడిన స్కీల జాడ ఒకటి పోతోంది. రొట్టె తైమి చేతిలో రాయంత బరువైంది. గడ్డకట్టిన సరస్సుకు అవతలి ఒడ్డున వాగు కలిసేచోట మంచు పలచన, అడుగేస్తే నీళ్లలోకే. సెవిల్ ఆవిడకు అది ఎవరు చెప్పాలి? ఎవరూ మాట్లాడకూడదని ఒప్పందమాయె.

ఆమె ఓయివా కిటికీ దగ్గరికి పరుగెత్తి గుసగుసగా పిలిచింది. "ఒరేయ్! ఆవిడ లేదురా!"

"ఎందుకే అంత మెల్లగా చెప్తున్నావు?"

"నిశ్శబ్దం కదా!"

"ఆవిడే లేనప్పుడు నిశ్శబ్దం ఎవరికోసమే?"

ఆ మాట తైమికి నచ్చింది. గట్టిగా అరిచింది. ఆ అరుపుతో మూడు రోజులు బిగబట్టిన ఊరి గొంతు ఒక్కసారిగా తెరుచుకుంది. హెల్వి దుకాణం వదిలి పరుగెత్తుకొచ్చింది.

"లోపల చూశావా?"

"చీపురుందే."

"ఓ, చీపురుందా," అంది హెల్వి. ఆ సంగతి అక్కడితో తేలిపోయింది.

అరగంటలో తొమ్మిది మంచు బండ్లు బడి ముందు గుర్రుమంటున్నాయి. మేనల్లుడు కుక్కను తిరిగి తెచ్చాడు. అది తోడుగా ఇంకో నాలుగింటిని వెంటేసుకొచ్చింది. స్వచ్ఛంద అగ్నిమాపక దళం వాళ్లు సైరన్ మోగించుకుంటూ వచ్చారు. మంట ఎక్కడా లేదని తెలిసినా, మోగించే అవకాశం నాలుగేళ్లుగా రాలేదు.

ఓయివా జాడ ముందు మోకాళ్ల మీద కూర్చుని పెద్ద వేటగాడిలా చూశాడు. "ఎడమ కాలు ఈడుస్తోంది, చూడండి. పాపం, స్కీ మీద నిలబడటమే రాదు. ముసలి గాడిద నడకలా ఉంది."

ఆ జాడ వెంట పదిమంది సరస్సు మీదికి సాగారు. మధ్యలో ఒకచోట మంచుకు కొత్తగా తొలిచిన గుంట, దాని పక్కన మనిషి కూర్చున్న గుర్తు కనిపించాయి.

"చేపలు కూడా పట్టింది!" అంది హెల్వి. "ధైర్యం గల మనిషే."

గుంట పక్కన చెక్క కాఫీ కప్పు ఒకటి పడి ఉంది. ఓయివా దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. చివరికి కోటు జేబులో పెట్టుకున్నాడు.

"అదెవరిదిరా?" అంది తైమి.

"నాదే. అతిథి నిద్ర చెడుతుందని ఇవాళ మంచు బండి తీయలేదు. పన్నెండేళ్ల తరవాత స్కీ తొడిగి, బడి మూల నుంచి అడ్డదారిన వచ్చాను."

"అయితే ఎడమ కాలీడ్చే ముసలి గాడిద దొరికినట్టే," అంది హెల్వి. "ఇంక ఆవిణ్ణి వెతకండి."

వేరే జాడ ఏదీ లేదు. మళ్లీ మంచు రాలడం మొదలైంది. అప్పుడు ఓయివా ఎవరితోనూ చెప్పకుండా బడి దగ్గరికి తిరిగి వచ్చి, చూరు కిందనున్న గంట తాడు పట్టుకున్నాడు. మంచు తుపాను పట్టిన రోజుల్లో, దారి తప్పిన పిల్లలు ఆ చప్పుడు వైపు నడిచి వస్తారని వెనకట ఆ గంట ఆపకుండా కొట్టేవాళ్లు. పదకొండేళ్ల తుప్పు రాల్చుకుని అది మోగింది.

సరస్సు మీది నుంచి వస్తున్న తైమి ఆగిపోయింది. ఎనిమిదేళ్లప్పుడు ఆమె ఆ మంచులోనే దారి తప్పి, ఆ చప్పుడు చెయ్యి పట్టుకున్నట్టు నడిచి ఇల్లు చేరింది. ఓయివా దగ్గరికి వచ్చి తనూ తాడు పట్టుకుంది.

"టీచరమ్మ కూడా ఇలాగే, ఆపకుండా కొట్టింది."

"టీచరమ్మ ఎక్కడ కొట్టిందే? ఆవిడ నిన్ను వెతకడానికి పోయింది. కొట్టింది నేను."

"యాభై ఏళ్లు చెప్పలేదేంరా?"

"నువ్వు అడగలేదు," అన్నాడు ఓయివా, తాడు లాగుతూనే.

యార్కో కారు దిగింది సరిగ్గా అప్పుడే. నిశ్శబ్ద విడిది ముందు తొమ్మిది మంచు బండ్లు, సైరన్, ఐదు కుక్కలు, ముప్పై మంది జనం, నెత్తిన గంట. హెల్వి ఆరుబయట నిప్పు పెట్టి కాఫీ కాస్తోంది. యార్కో చేతిలోని కాగితాలు మంచుకు తడుస్తున్నాయి.

విషయమంతా విని అతను అడిగాడు. "తలుపు తీసి చూశారా?"

గంట ఆగింది. సైరన్ ఆగింది. తైమి అరిచాక అదే మొదటి నిశ్శబ్దం. ముప్పై మందీ అతని వంక, పెద్దల ముందు అనరాని మాటేదో అన్నట్టుగా చూశారు.

"బాబూ," అంది హెల్వి ఓపిగ్గా, "చీపురుంది."

ఆ నిశ్శబ్దంలోనే బడి వెనక వంటగది తలుపు కిర్రుమంది. దుప్పటి కప్పుకుని, జుట్టు చెదిరి, కళ్లు నులుముకుంటూ రోసియో బయటికి వచ్చింది.

"ఎందుకు ఆపేశారు?" అంది.

తైమి వాకిలి ముందరి చీపురు వైపు చెయ్యి చూపించింది. ఆ సంగతి రోసియోయే చెప్పింది. పొద్దున్నే నిద్రపట్టక వాకిలి మెట్లు ఊడ్చి, చీపురు తలుపుకు ఆనించి, కట్టెలు తీసుకుని వెనక తలుపు నుంచి లోపలికి పోయింది. స్కీలు చలికి పాడవుతాయని వాటినీ లోపల పెట్టింది. అంతే.

తైమి ఆమె రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. మనిషి దొరికింది. బడి మాత్రం పోయినట్టే. యార్కో గొంతు సవరించుకున్నాడు.

"ఒకటే ప్రశ్నండీ. ఇక్కడ నిశ్శబ్దంగా ఉందా?"

"భయంకరంగా ఉంది," అంది రోసియో. "రెండు రాత్రులు నా గుండె చప్పుడు నాకే వినపడింది. కన్ను మూయలేకపోయాను. ఇవాళ పొద్దున బండ్లు, కుక్కలు, అరుపులు, గంట మొదలయ్యాక గానీ ప్రాణం కుదుటపడలేదు. అచ్చం మా వీధిలా ఉంది. పసిపిల్లలా నిద్రపోయాను. అవునూ, ఇదంతా ఎవరికోసం?"

"మీకోసమే," అంది తైమి.

రోసియో ఆ ముప్పై మందినీ ఒక్కొక్కరినే చూసింది. దుప్పటి అంచుతో ముక్కు తుడుచుకుంది. ఆ తరవాత చలికి తాళలేక అందరినీ లోపలికి రమ్మంది.

తరగతి గది నిండిపోయింది. అడక్కుండానే ఎవరి పాత బెంచీల చోట వాళ్లు నిలబడ్డారు. తైమి వంటగదిలోకి పోయి, గురువారం కదా, బఠాణీలు పొయ్యి మీదికి ఎక్కించింది. మూలన కూర్చున్న యార్కో కాగితంలో నిశ్శబ్దం గడి ముందు కలం పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. తల ఎత్తి జనాన్ని లెక్కపెట్టాడు. ఆ గడిని అలాగే వదిలేసి, కాగితం మొదటి వరుసలో ఉన్న "వాడుకలో లేదు" అన్న మాట కొట్టేసి, "వాడుకలో ఉంది, కూర్చోవడానికి చోటు లేదు" అని రాశాడు.

మంచు కరిగింది, బడి కరగలేదు. వచ్చే మార్చికి గది కావాలని సెవిల్ నుంచి ఉత్తరం వచ్చింది. అందులో షరతు ఒక్కటే: రెండో రోజు పొద్దున తాను తప్పిపోవాలట.