అమ్మకానికి తగిన కారణం

మూడో అంతస్తులో, లిఫ్టు లేని, రెండు పడగ్గదుల ఇల్లు అమ్మకానికి వచ్చింది. కారణం యజమానురాలి మోకాళ్ళు. అంతకు మించిన కారణం ఏదీ ఆ దంపతుల దగ్గర లేకపోవడంతో అమ్మకం ముందుకు సాగలేదు.

యజమాని రిటైరైన బస్సు కండక్టరు. సర్వీసంతా అడక్కుండానే చిల్లర తిరిగిచ్చి, ప్రయాణికుల్లో లేనిపోని అనుమానాలు రేకెత్తించిన మనిషి. ఆయన భార్య మెట్లు దిగి నెలలైంది. తాడు కట్టిన బుట్టలో కూరలు పైకి లాక్కుంటూ, కిటికీలోంచే కూరలవాడితో బేరమాడి, రోజూ ఓడిపోతోంది. "ఒక్కసారి నేల మీద నిలబడి వాడి సంగతి తేల్చాలండీ" అని ఆవిడ ఆశ. అందుకే ఇది అమ్మి కింది అంతస్తులో మరొకటి కొనాలనుకున్నారు.

కొనవచ్చినవాళ్ళు మూడంతస్తులూ ఎక్కి, గోడ పట్టుకుని రొప్పుతూ, "ఎందుకమ్ముతున్నారు?" అని అడిగారు.

"మెట్లెక్కలేక" అన్నాడు కండక్టరు.

వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ఒకాయన గోడలు వాసన చూశాడు. ఒకావిడ ఫ్యాను కొక్కెం కేసి అదేపనిగా చూసి, ఇంట్లో ఎవరైనా పోయారా అని మర్యాదగా వాకబు చేసింది. మోకాళ్ళను మాత్రం ఎవరూ నమ్మలేదు.

ఇల్లు అమ్మిపెడతానన్న ఏజెంటుకి ఒళ్ళు మండింది. సోఫాలో కాలు మీద కాలేసుకుని ఉపన్యసించాడు.

"మీరిలా నిజాలు చెప్పుకుంటూ పోతే నా ఫీల్డులో నా పరువేం కాను సార్? జనం గోడలు చూసి కొంటారనుకుంటున్నారా? మీ మొహం చూసి కొంటారు. అమ్మేవాడు గతిలేక అమ్ముతున్నాడంటేనే కొనేవాడికి కడుపు నిండుతుంది. హాయిగా ఉన్నవాడి దగ్గర కొంటే తృప్తేముంది చెప్పండి? మీకో కష్టం ఉండాలి సార్. మంచి కష్టం."

కష్టాలు పరిశీలనకు వచ్చాయి. వ్యాపారంలో దివాలా అంటే గుమ్మంలో అప్పులవాళ్ళను నిలబెట్టాలి, వాళ్ళకి కూలివ్వాలి. జబ్బంటే జనం జడుసుకుంటారు. విడాకులైతే పైసా ఖర్చు లేదు. కండక్టరు భార్య వైపు చూశాడు. "నాకేం అభ్యంతరం లేదు" అంది ఆవిడ, అవసరమైన దానికంటే కాస్త తొందరగా.

సందర్శన వేళల్లో దంపతులు మాట్లాడుకోరాదని, ఆయన బాల్కనీలోనూ ఆవిడ వంటింట్లోనూ మూతులు ముడుచుకుని ఉండాలని నిబంధనలు అమల్లోకి వచ్చాయి. సాధన కోసమని ఆవిడ మిగతా వేళల్లో కూడా వాటిని నిష్ఠగా పాటించింది. పక్కింటావిడ "నాకెప్పుడో తెలుసు" అంటూ వీధంతా తిరిగి సహకరించింది. జనం బారులు తీరారు. గదులు చూసిన నాథుడు లేడు. పడగ్గది గోడకి దిగిన చెమ్మ చూసి కూడా ఒకాయన "పాపం, ఎంత ఏడ్చారో" అన్నాడు. చివరికి ఓ జంట కళ్ళు తుడుచుకుంటూ చెప్పిన ధరకే కొనేసి, కారుచవగ్గా కొట్టేశామని మెట్ల మీదే చెవులు కొరుక్కుంటూ దిగింది.

తర్వాత కండక్టరూ ఏజెంటూ కలిసి ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి కిందికి దించి, కింది అంతస్తు ఇల్లొకటి చూపించడానికి తీసుకెళ్ళారు. గుమ్మం దాటితే వీధే. గోడలు గట్టివి, వెలుతురు ధారాళం. ఆవిడ చెప్పులు విప్పి రెండు పాదాలూ వాకిట్లో ఆనించి అలాగే నిలబడిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎందుకమ్ముతున్నారు?" అడిగాడు కండక్టరు.

"పక్క వీధిలో ఇంకాస్త పెద్దది కట్టుకున్నామండీ" అన్నారు ఇంటివాళ్ళు నవ్వుతూ.

దంపతులు మొహమొహాలు చూసుకున్నారు. ఆయన గోడను గోటితో గీకి చూశాడు. ఆవిడ ఏజెంటును పక్కకి పిలిచింది.

"వీళ్ళకి నిజంగా ఏ కష్టమూ లేదా బాబూ?"

"లేదమ్మా, నేనూ గుచ్చిగుచ్చి అడిగాను."

"ఇంత మంచిల్లు ఊరికే ఎవరమ్ముతారు? పదండి" అంది మొగుడితో, చెప్పులు వేసుకుంటూ.

అమ్మిన ఇల్లు ఖాళీ చేసే తొందరలో దొరికిన నాలుగో అంతస్తు వాటాలో వారు ప్రస్తుతం అద్దెకుంటున్నారు. వెతుకులాట సాగుతోంది. మీ ఎరుకలో నిండా మునిగిన కుటుంబం ఏదైనా కింది అంతస్తులో ఉంటే ఏజెంటుకి తెలియజేయగలరు. అది మీ కుటుంబమే అయితే మరీ సంతోషం.