మనసు సిద్ధం, మెట్లకు తాళం

మా తూనికలు కొలతల కార్యాలయంలో వ్యాయామానికి సిబ్బంది మనసులు నూటికి నూరుపాళ్లు సిద్ధమయ్యాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. శరీరాల సంగతి తరవాతి దశలో చూస్తారు. ఈ విజయానికి అడ్డుపడిన ఒకే ఒక్క మనిషిని కిందటి నెలాఖరున పనిలోంచి తీసేశాం. ఆ ఆర్డరు రాసింది సూపరింటెండెంటునైన నేనే కాబట్టి, జరిగినదంతా వరసగా చెప్పగలను.

ఏడాదికోసారి మమ్మల్ని పరీక్షించడానికి వచ్చే డాక్టరు ఈసారి అందరినీ కింది అంతస్తులోని పెద్ద కాటా మీద నిలబెట్టాడు. ఊళ్లో కాటాలన్నిటికీ తల్లి కాటా అది. తప్పు చెప్పడం దానికి చేతకాదు. మా డైరెక్టరుగారు ఎక్కితే నూట పన్నెండు చూపించింది. ఆయన దిగి, కళ్లద్దాలు తుడుచుకుని, "దీని సంగతి చూడండి" అన్నారు. మర్నాటికల్లా అది నమ్మదగిన కాటా కాదని ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు నివేదిక ఇచ్చారు. ఇంకెవరూ ఎక్కకుండా దానికి సీలు వేసి మూసేశాం. డాక్టరు మాత్రం సీలుకు లొంగే రకం కాదు. రోజూ అరగంట ఒళ్లు వంచకపోతే వచ్చే ఏడాదికి ఈ కుర్చీల్లో సగం ఖాళీ అవుతాయని రాసిచ్చి పోయాడు.

డైరెక్టరుగారు ఆ కాగితాన్ని తేలిగ్గా తీసుకోలేదు. మీటింగు పెట్టారు.

"మిత్రులారా, వ్యాయామం మొదలుపెట్టినవాళ్లలో నూటికి తొంభైమంది పదిరోజుల్లో మానేస్తున్నారు. ఎందుకు? మనసు సిద్ధంగా లేక. మానేయడం మనిషికి అవమానం, ఆఫీసుకు అప్రతిష్ఠ. అసలు మొదలుపెడితేనే కదా మానేసేది. కాబట్టి మనసు పూర్తిగా సిద్ధమయ్యేదాకా ఇక్కడ ఎవరూ వ్యాయామం చేయడానికి వీల్లేదు."

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లకే ఇద్దరికి ఆయాసం వచ్చి కూర్చుండిపోయారు.

ఆ విధంగా మనఃసంసిద్ధతా సంఘం ఏర్పడింది. డైరెక్టరుగారు అధ్యక్షులు, నేను కార్యదర్శిని. రోజూ పదకొండింటికి మెత్తటి కుర్చీల్లో కూర్చుని, కళ్లు మూసుకుని, ఊహలో పరుగెత్తడం మా కార్యక్రమం. నెల తిరిగేసరికి క్యాషియరు నాలుగు కిలోమీటర్లు అవలీలగా లాగించేస్తున్నాడు. టైపిస్టుకు ఊహలో కాలు మడతపడితే మూడు రోజులు సెలవు మంజూరు చేశాం. అందరం పరుగుబూట్లు కొనుక్కుని బల్లల కింద పెట్టుకున్నాం. కాళ్లకు కాకపోయినా కళ్లకు అలవాటు కావాలి కదా. రికార్డు గది గుమాస్తా ఒకామె మాత్రం ఆత్రం ఆపుకోలేక ఒక సాయంత్రం నిజంగానే ఇంటికి నడిచి వెళ్లిపోయింది. మెమో ఇచ్చాం. ఇంకెప్పుడూ అలా చెయ్యనని రాసిచ్చింది, పాపం మనిషి మంచిదే.

"రెండు నెలలుగా వ్యాయామం వ్యాయామం అంటున్నారు, ఆ పొట్ట ఇంకాస్త పెరిగిందేమిటండీ?" అని ఇంట్లో మా ఆవిడ అడిగింది.

"మనసు పెరుగుతోందే. దానికి చోటు కావద్దూ?"

"ఆ మాట మీ చొక్కాతో చెప్పండి. గుండీలు కుట్టలేక చస్తున్నాను."

ఆడవాళ్లకు ఇలాంటి సూక్ష్మాలు ఓ పట్టాన అర్థం కావు.

ఇక మిగిలింది మెట్లు. ఆఫీసు మొత్తంలో వ్యాయామానికి పనికొచ్చేవి అవే. మనసు సిద్ధం కానివాళ్లు ఎవరైనా పొరపాటున ఎక్కేస్తారేమోనని అక్కడ ఇనప తలుపు పెట్టించి తాళం వేశాం. మా సంఘం ఇచ్చే సంసిద్ధతా పత్రం చూపించినవాళ్లకే తియ్యాలని వాచ్‌మన్‌కు రాతపూర్వకంగా చెప్పాం. పత్రం ఉన్నవాళ్లెవరూ ఆ ఛాయలకే రాలేదు కాబట్టి వాచ్‌మన్‌కు శ్రమ కలగలేదు.

వచ్చిన చిక్కల్లా పిన్నితోనే. ఆమె మాలో ఎవరికీ పిన్ని కాదు, ఆఫీసంతా అలా పిలుస్తాం. యాభై దాటినా బక్కపల్చగా, గట్టిగా ఉంటుంది. కొట్లవాళ్లు తెచ్చే కాటాలను మేం మూడో అంతస్తులో పరీక్షిస్తాం. వాటి మీద పెట్టి చూసే ఇనప తూకపురాళ్లు కింది అంతస్తులో ఉంటాయి, ఒక్కోటీ ఇరవై కిలోలు. రాళ్లు ఎక్కిస్తే లిఫ్టు పాడవుతుందని ఎప్పటిదో ఒక ఆదేశం. అందుకని పదకొండేళ్లుగా పిన్నే వాటిని భుజానేసుకుని మెట్లకు తాళం పడేదాకా రోజుకు పాతికసార్లు ఎక్కి దిగేది. అన్నేళ్లూ తాత్కాలిక ఉద్యోగమే. కిందటి నెలాఖరుకు ఖాయమన్నా కావాలి, రూలు ప్రకారం తీసెయ్యనన్నా తీసెయ్యాలి. ఫైలు నా బల్ల మీదే ఉంది. ఒక్క కాగితం తక్కువ. మెట్లెక్కే పత్రం లేని మనిషిని మెట్లెక్కే ఉద్యోగంలో ఎలా ఖాయం చేస్తాం?

"ఆ ఒక్క కాగితం ఇప్పించండి బాబూ. ఈ వయసులో ఇంకో పని ఎక్కడ వెతుక్కోను?" అంది పిన్ని.

ఇంటర్వ్యూకు పిలిచాం. కూర్చోమంటే కూర్చోకుండా నిలబడే ఉంది. సభ్యులకు అప్పుడే అనుమానం వచ్చింది.

"చూడమ్మా, ఇన్నాళ్లూ రోజూ మెట్లెందుకు ఎక్కావు?" అని డైరెక్టరుగారు అడిగారు.

"పైన పనుంటుంది కదండీ."

"మరి దిగడం?"

"పైనే ఉండిపోలేను కదండీ."

"సరే, పనేమీ లేదనుకో. అప్పుడు ఎక్కుతావా?"

"పని లేకపోతే ఎందుకండీ? హాయిగా ఓ పక్కన కూర్చుంటాను."

సభ్యులు మొహమొహాలు చూసుకున్నారు. లక్షల మెట్లెక్కినా కూర్చోవాలనే కోరిక లోపల చావలేదన్నమాట. 'దృక్పథం: శూన్యం' అని నేను రాసుకున్నాను.

ఆ మధ్యాహ్నమే డాబా మీద సంసిద్ధతా విజయోత్సవం. సంఘ సభ్యులం ఆరుగురం లిఫ్టెక్కాం. ఎనిమిది మందికి అని దాని మీద రాసుంది. ఆ ఎనిమిది మందినీ ఎవరు తూచారో తెలియదు. రెండో అంతస్తు దాటాక ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. ఫ్యాను ఆగింది. డైరెక్టరుగారు చెమటలు కక్కుతూ గోడకు జారగిలబడ్డారు. లిఫ్టును కిందికి దించాలంటే డాబా మీది గదిలో ఉన్న చక్రాన్ని చేత్తో తిప్పాలి. పత్రాలున్నవాళ్లు పదిహేనుమంది కింద ఉన్నారు. అందరూ బూట్లు వేసుకుని బయల్దేరారు. మొదటి మలుపు దాకా వచ్చి, అక్కడ చతికిలబడి, తమ మనసులు డాబా చేరాయనీ శరీరాలు వెనకే వస్తున్నాయనీ కబురు పంపారు.

పిన్ని ఇనప తలుపు దగ్గరికి వచ్చింది.

"నీకు పత్రం లేదు పిన్నీ. పంపిస్తే నా ఉద్యోగం ఊడుతుంది" అన్నాడు వాచ్‌మన్.

"సార్, వెళ్లమంటారా?" అని కిందనుంచే కేకేసింది.

అదృష్టవశాత్తూ సంఘం కోరం మొత్తం లిఫ్టులోనే ఉంది. 'మనసుతో నిమిత్తం లేకుండా ఒక్క పర్యాయం ఎక్కుటకు అనుమతించడమైనది' అని తీర్మానించి, తలుపు సందులోంచి గట్టిగా చదివాను. చదవడం పూర్తయ్యేసరికి పిన్ని డాబా మీదుంది.

మేం కిందికి దిగాం. డైరెక్టరుగారు గ్లాసుడు మంచినీళ్లు తాగి, "నేనే ఎక్కేవాణ్ణి. లోపల ఇరుక్కుపోయాను గానీ" అన్నారు. ఔనన్నాం.

చేసిన మేలు మరిచేవాళ్లం కాము కనుక మర్నాడు పిన్నికి ఇంకో అవకాశం ఇచ్చాం. ఎక్కుతున్నప్పుడు మనసులో ఏముందని అడిగాం.

"ఏముంటుందండీ? సార్లు లోపల ఊపిరాడక చస్తున్నారు అనుకున్నాను."

వ్యాయామం ఊసే లేదు. ఏ సంసిద్ధతా లేకుండా నాలుగంతస్తులు ఎక్కేసే మనిషి కళ్లెదుట తిరుగుతుంటే, రెండు నెలలు కష్టపడి సిద్ధం చేసుకున్న మనసులు ఏం కావాలి? తీర్మానం ఏకగ్రీవం. నాకు చాలా బాధేసింది. బాధేసినా ఆర్డరులో ఒక్క కొట్టివేత కూడా రాలేదు.

పిన్నికి చదివి వినిపించాను. "అయితే నా మనసే బాగాలేదన్నమాట. సరే బాబూ. రాళ్లు కింద ఉన్నాయి, కాటాలు పైన ఉన్నాయి. చూసుకోండి" అని గుమ్మం దాటింది. వెనక్కి పిలుద్దామనిపించింది. కానీ ఆ నడకను అందుకోవడం నావల్ల కాదు.

రాళ్లు ఇప్పటికీ కిందే ఉన్నాయి. పరీక్షలు మాత్రం ఆగలేదు. పదకొండింటికి కళ్లు మూసుకుని, కాటాల మీద ఊహలోనే రాళ్లు పెట్టి, సరిచూసి సీలు వేస్తున్నాం. ఇంతవరకూ ఒక్క కాటా కూడా తప్పలేదు. కూరగాయల కొట్లో కిలోకు వంద గ్రాములు తగ్గుతోందని ఊరివాళ్లు మీలో కొందరు ఫిర్యాదులు రాశారు, అవి అందాయి. అయితే మీ మంచం కింద ఒంటి బరువు చూసుకునే కాటా ఇంకోటి ఉంది, మొన్న మీరెక్కితే నాలుగు కిలోలు తక్కువ చూపించిందే, దాని మీదున్నదీ మా సీలే. దాని గురించి మాత్రం ఈ రోజు వరకూ ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు.