మొక్కు లేని యాత్ర

ఆ రోజు ఉదయం ఉమామహేశ్వర్లు వేసుకున్న పథకం చాలా చిన్నది. అయిదింటికి లేవడం, గేర్ల సైకిలు మీద దిగువమెట్ట ఘాటు దాకా తొక్కడం, ఎనిమిదింటికల్లా గిద్దలూరు తిరిగొచ్చి కిరాణా దుకాణం తలుపులు తీయడం. ఇంకో నెల రోజులు ఇలా చేస్తే, లద్దాఖ్‌లో పద్నాలుగు వేల అడుగుల ఎత్తున ఒక సరస్సు ఒడ్డున పన్నెండు కిలోమీటర్ల కొండబాటలో సైకిలు తొక్కడానికి ఒళ్ళు సిద్ధమవుతుందని, ఆ యాత్ర నడిపే బెంగుళూరు వాళ్ళు పంపిన కాగితంలో ఉంది.

నలభై తొమ్మిదేళ్ళ మనిషికి ఇదేం పిచ్చి అని మీరు అడగవచ్చు. ఉమామహేశ్వర్లు ఊరు దాటిన ప్రతిసారీ ఎవరిదో ఒకరి మొక్కు మోశాడు. తిరుపతి వెళితే వీధి వీధంతా ముడుపులిచ్చింది. శ్రీశైలం వెళితే అర్చనకు గోత్రనామాల జాబితా ఇచ్చింది. ఆఖరికి పెళ్ళయిన కొత్తలో ఊటీ బయల్దేరితే, అటు వైపే కదా అని పళని మీదుగా తిప్పి పంపారు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఎవరి పనీ నెత్తిన పెట్టుకోకుండా తన కోసం తాను ఎక్కడికైనా వెళ్ళాలని అతని కోరిక. దేవుడి మీద కోపమేమీ లేదు. దేవుడికీ తనకూ మధ్య ఎప్పుడూ ఎవరిదో ఒక సంచీ అడ్డం ఉంటోందన్నదే బాధ.

అందుకని రెండు నెలలుగా కాగితంలో చెప్పినట్టే నడుచుకుంటున్నాడు. కాఫీ మానేశాడు. రాత్రి అన్నం మానేశాడు. నడుముకు మంచిదని పరుపు వదిలి చాప మీద పడుకుంటున్నాడు. ఇవన్నీ నాలుగు గోడల మధ్య జరిగిన సంగతులే అయినా వీధిలో తెలియనివాళ్ళు లేరు.

చెమటలు కక్కుతూ ఇంటికొచ్చేసరికి ఎదురింటి రామతులసమ్మ వసారాలో కూర్చుని ఉంది. అతని భార్య భ్రమరాంబ ఆమెను పెద్దమ్మా అని పిలుస్తుంది కాబట్టి అతనికి అత్త. ఒళ్ళో పసుపు గుడ్డలో కట్టిన మూట.

"అల్లుడా, దీక్ష ఇంకా ఎన్నాళ్ళు?"

"దీక్షేంది అత్తా?"

"మా కాడ దాస్తే ఎట్ల? మానససరోవరం పోతాండావంట గదా. భ్రమరాంబ చెప్పింది."

భ్రమరాంబ వంటింట్లోకి జారుకుంది. అతనూ వెంటే వెళ్ళాడు.

"నేను చెప్పలేదండీ," అంది ఆమె గొంతు తగ్గించి. "దుకాణం మూసి యాడికి పోతాండాడు అని అడిగింది. కొండల్లో ఏదో సరస్సంట అన్నా. మానససరోవరమా అని చేతులు జోడించింది. నేనేం మాట్లాడలే."

"కాదని చెప్పొచ్చు గదా!"

"ఏమని చెప్పాల? మా ఆయన బిగుతు నిక్కరేసుకుని ఊరికే సైకిలు తొక్కేదానికి అంత దూరం పోతాండాడనా? నేను ఈ వీధిలో తలెత్తుకుని తిరగొద్దా?"

నిక్కరు నిజంగానే బిగుతు.

వసారాలోకి వచ్చి తనే నిజం చెప్పేద్దామనుకున్నాడు. అప్పటికే రామతులసమ్మ మూట విప్పి చూపిస్తోంది. లోపల వెండి కళ్ళు. కంటి ఆపరేషను బాగా జరిగితే శివయ్యకు ఇస్తానని పోయినేడు మొక్కుకుందట. "ఈ వయసులో అంత చలిలోకి నేను యాడ పోగలను నాయనా?" అంటూ ఆ ఆపరేషను అయిన కళ్ళనే ఒత్తుకుంది. అలాంటప్పుడు కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? "సరే అత్తా" అన్నాడు. అక్కడితో అతని పని అయిపోయింది.

మధ్యాహ్నానికి వీధికి, సాయంత్రానికి బజారంతటికీ తెలిసింది. మర్నాటి నుంచి దుకాణానికి సరుకు కోసం వచ్చేవాళ్ళు తగ్గి, సరుకు ఇచ్చేవాళ్ళు పెరిగారు. ముడుపులు, పసుపు కుంకుమ, పిల్లలు లేనివాళ్ళు ఇచ్చిన బుల్లి ఉయ్యాల, సరస్సు నీళ్ళు పట్టి తెమ్మని పద్దెనిమిది ఖాళీ సీసాలు. మూడు వారాలు గడిచేసరికి తూకం వేస్తే తొమ్మిది కిలోలు. మనిషికి పది కిలోల సామాను మించకూడదని బెంగుళూరు వాళ్ళ నియమం. మిగిలిన కిలోలో తన బట్టలు ఎలా సర్దాలా అని అతను రెండు రోజులు ఆలోచించాడు.

వర్తకుల సంఘం అధ్యక్షుడు బాలసుబ్రహ్మణ్యం ఫ్లెక్సీ వేయించాడు. అందులో శివుడు, శివుడి పక్కనే అంతే సైజులో హెల్మెట్ పెట్టుకున్న ఉమామహేశ్వర్లు. ప్రయాణానికి ఇంకా వారం ఉన్నా, మంచి రోజు ఈ ఆదివారమేనని పంతులు చెప్పడంతో ఊరేగింపు ఆ రోజే పెట్టారు.

"మన బజార్లో సైకిలు మీద కైలాసం పోయినోడు ఎవరన్నా ఉన్నారా?" అన్నాడు బాలసుబ్రహ్మణ్యం.

"అన్నా, నేను విమానంలో పోతాండా."

"అది ఎవరికి తెలుసు? పొలిమేర దాకా తొక్కు, చాలు."

ఆదివారం ఉదయం దుకాణం ముందు బ్యాండు మొదలైంది. ఉమామహేశ్వర్లు మెడలో పూలదండతో సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. గుంపును తోసుకుంటూ చిన్నమల్లయ్య వచ్చాడు. అడవిలో గూడెం అతనిది. ఇరవయ్యేళ్ళుగా ఆ దుకాణానికే కుంకుళ్ళు, తేనె తెచ్చి అమ్ముతున్నాడు. ఈసారి గంప దించకుండానే సీసా ఒకటి ముందుకు చాపాడు.

"శెట్టీ, మల్లన్న కాడికి పోతాండావంట. జుంటి తేనె. అమ్మేది కాదు. మా కూతురు పోలమ్మకు నెలలు నిండినాయి. ఆయన నెత్తిన పొయ్యి."

ఆ తేనె కోసం ఎంత లోపలి అడవికి పోయి, ఎన్ని ఈగల కాట్లు తినాలో ఉమామహేశ్వర్లుకు తెలుసు. దాన్ని పట్టుకెళ్ళి ఏ గుడీ లేని ఒడ్డున ఏం చేయాలి? సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"మల్లయ్యా, నేను ఏ దేవుడి కాడికీ పోవడం లా. అది మానససరోవరం కాదు. ఆడ గుడి లేదు, ఉత్త నీళ్ళే. ఒడ్డున సైకిలు తొక్కేదానికి పోతాండా. అంతే."

బ్యాండు ఆగిపోయింది. బాలసుబ్రహ్మణ్యం ఫ్లెక్సీ వైపు చూశాడు. చిన్నమల్లయ్య ఒక్కడే ఏమీ అనుకోలేదు.

"అట్లనా? అయితే నువ్వే తాగు. కొండెక్కేవాడికి బలం కావాల," అని సీసా చేతిలో పెట్టి, కుంకుళ్ళు తూకం వేయించుకోవడానికి లోపలికి వెళ్ళాడు.

సాయంత్రానికి ఒక్క రామతులసమ్మ తప్ప అందరూ ఎవరి ముడుపులు వాళ్ళు పట్టుకుపోయారు. ఫ్లెక్సీలో ఉమామహేశ్వర్లు ఉన్న సగం కోసేసి, శివుడున్న సగం అలాగే ఉంచారు. అతను మాత్రం దాదాపు ఖాళీ అయిన సంచీని రెండుసార్లు ఎత్తి చూసుకుని, ఇన్నేళ్ళకు తన కోరిక తీరబోతోందని మనసారా సంతోషించాడు.

ఆ సంతోషం రామతులసమ్మ వెండి కళ్ళు తీసుకుపోవడానికి వచ్చేదాకా నిలిచింది.

"దేవుడి కాడికైతే కష్టపడి ఒక్కడివే పోయొస్తావు, బాగానే ఉంది. చూసొచ్చేదానికైతే పెళ్ళాన్ని వదిలి ఎట్ల పోతావు అల్లుడా? జనం ఏమనుకుంటారు?"

ఆ క్షణం వరకూ భ్రమరాంబకు వెళ్ళాలన్న ఆలోచనే లేదు. "నిజమే గదా," అంది. తర్వాత, "పెద్దమ్మా, నేనొక్కదాన్నే ఏం చేయాల ఆడ? నువ్వు గూడా రా" అంది.

"చలి గదే," అంటూ రామతులసమ్మ వెండి కళ్ళు కొంగున ముడేసుకుంది. "రెండు స్వెట్టర్లు వేసుకుంటే సరిపోతాదిలే."

ఇంట్లోవాళ్ళు వెనక కారులో రావచ్చని బెంగుళూరు వాళ్ళు దయతో ఒప్పుకున్నారు.

లద్దాఖ్ చేరాక గాలికి అలవాటు పడాలని మూడు రోజులు ఊరికే కూర్చోబెట్టారు. నాలుగో రోజు సరస్సు దగ్గరికి చేర్చారు. అయిదో రోజు ఉదయం ఒడ్డున గుడారాల ముందు సైకిళ్ళు వరసగా నిలబెట్టారు. ఉమామహేశ్వర్లు హెల్మెట్ పెట్టుకుని రెండడుగులు వేశాడు. కొండలు ఒక పక్కకు, సరస్సు ఇంకో పక్కకు తిరిగాయి. కక్కుకున్నాడు. యాత్ర నడిపే అబ్బాయి వేలికి ఏదో తగిలించి చూసి, తొక్కడానికి వీల్లేదని పడుకోబెట్టి, ఆక్సిజన్ సిలిండరు తెప్పించాడు. మూడు నెలల దిగువమెట్ట ఎందుకూ పనికిరాలేదు. స్వెట్టర్ల మీద స్వెట్టర్లు వేసుకున్న రామతులసమ్మకు జలుబు కూడా చేయలేదు.

భ్రమరాంబ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపి, అతని హెల్మెట్ తీసుకుంది.

"సైకిలు ఊరికే ఎందుకుండాల? నేను పోతా."

"నీకు సైకిలు వచ్చా?"

"రాచర్ల నుంచి గిద్దలూరు కాలేజీకి రెండేళ్ళు తొక్కినా. ఎండలో. దానికి గేర్లు గూడా లేవు."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"మీరెప్పుడు అడిగినారు?"

ఆ ప్రశ్న అతనికి తలనొప్పి కన్నా గట్టిగా తగిలింది. గుడారం తలుపులోంచి చూస్తూ ఉండిపోయాడు. నీలం సరస్సు పక్కన, మంకీ క్యాప్ మీద హెల్మెట్ పెట్టుకున్న తన భార్య మెల్లగా, ఆగి ఆగి, ఎవరి పనీ లేకుండా తన కోసం తాను సైకిలు తొక్కుకుంటూ మలుపు తిరిగింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. అతనికి కుళ్ళుగానూ ఉంది, గర్వంగానూ ఉంది.

పక్కన రామతులసమ్మ ఫ్లాస్కులోంచి టీ పోసుకుంది.

"దేవుడి కాడికి కాదంటివి. సైకిలు తొక్కేది భ్రమరాంబాయె. ఇంతకీ నువ్వెందుకు వచ్చినట్టు అల్లుడా?"

ముఖాన ఆక్సిజన్ మాస్కు ఉండటం వల్ల ఉమామహేశ్వర్లు జవాబు చెప్పవలసిన అవసరం రాలేదు.