కింది ఇంట్లో వాన

ఆదివారం ఉదయం కాఫీ తాగుతూ లైబ్రేరియన్ గారు ఆ రోజు కార్యక్రమం ప్రకటించారు. భోజనాల లోపు కొత్త స్పీకర్లు పెట్టడం, సాయంత్రం అందరికీ కూతురి సినిమా చూపించడం. ప్రకటించారు అనడం కాస్త పెద్ద మాటే. కొలువులో చేరిన నాటి నుంచీ వచ్చినవాళ్ళందర్నీ "ష్" అని అదుపులో పెట్టీ పెట్టీ, ఇంట్లో కూడా ఆయన గొంతు చెవిలో రహస్యం చెప్పినట్టే ఉంటుంది. భార్య వంటింట్లోంచి "ఆఁ? ఏంటీ?" అని రెండు మూడుసార్లు అడిగితే గానీ ఏ కబురూ ఆవిడ దాకా చేరదు.

అలాంటి మనిషి ఇల్లు దద్దరిల్లే స్పీకర్లు కొన్నారంటే కారణం లేకపోలేదు. కూతురు సినిమాలకు శబ్దం కూర్చే పని నేర్చుకుంది. ఈమధ్యే తన చేతి మీదుగా మొదటి పొట్టి సినిమా తయారైంది. కథంతా ఒక వానలో నడుస్తుంది. కిందటి వారం మేనమామ దాన్ని తన ఫోనులో చూసి, "బానే ఉందమ్మా. కానీ ఇందులో నువ్వు చేసిందేముంది? వాన పడింది, చప్పుడైంది, అంతేగా" అనేశాడు. అంతటితో ఊరుకోకుండా, తన ఆఫీసులో లెక్కలు రాసే ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉందని, సోమవారం వచ్చి చేరిపొమ్మని కూడా అన్నాడు.

అప్పట్నుంచీ పిల్ల మొహంలో కళ లేదు. "మావయ్య చెప్పిందీ నిజమేనేమో నాన్నా" అంటోంది. ఆ వాన ఫోనులో వినాల్సింది కాదు. వెనక నుంచి మొదలై, నెత్తి మీదుగా వచ్చి, ముందుకు సాగుతుంది. టీవీ కింద ఉన్న పొడుగాటి స్పీకరు, ఆ ఒక్క సౌండ్‌బార్ వల్ల అయ్యే పని కాదది. అందుకే లోతైన మోతల కోసం ఒక సబ్‌వూఫరూ, సోఫా వెనక పెట్టడానికి రెండు చిన్న స్పీకర్లూ కొనుక్కొచ్చారు. సోమవారం లోపు బావమరిది చెవులు తెరిపించాలన్నది ఆయన పంతం.

సబ్‌వూఫర్ అంటే చూడ్డానికి నల్లటి చెక్కపెట్టె. దాన్ని అట్టపెట్టెలోంచి తీసి అలా పక్కన పెట్టారో లేదో, భార్య దాని మీద పూలకుండీ పెట్టేసింది.

"అది స్టూలు కాదే!"

"ఆఁ? ఏంటీ?"

"స్టూలు కాదంటున్నా. సబ్‌వూఫరు."

"ఏదైతేనేంలెండి. ఎత్తు సరిగ్గా సరిపోయింది."

కుండీ దించి, ఆయన సూచనల పుస్తకం అందుకున్నారు. మామూలు మనుషులు బొమ్మలు చూసి మీటలు నొక్కేస్తారు. ఈయన పుస్తకాన్ని అట్ట దగ్గర్నుంచి మొదలుపెట్టి, తనకు రాని భాషల పేజీలను కూడా ఒక్కొక్కటిగా తిరగేసి, చివరికి అచ్చువేసిన వారి చిరునామా దాకా చదివారు. దాంతో మీట నొక్కేసరికి పొద్దెక్కింది. సరిగ్గా అక్కడే చిక్కొచ్చి పడింది.

కింది అంతస్తులో అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి ఉంటారు. పోలీసు ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషి, కానీ ఆ సంగతి ఆయనకింకా ఎవరూ చెప్పినట్టు లేదు. లైబ్రేరియన్ గారు లిఫ్టులో మోసుకొస్తున్న పెట్టెను చూడగానే ఆయనకు ప్రాణం కొట్టుకుంది. పెట్టె మీది పేరు గుర్తుపెట్టుకుని, మర్నాడే వెళ్ళి అదే కంపెనీ సౌండ్‌బారూ, సబ్‌వూఫరూ, అలాంటి స్పీకర్లూ పట్టుకొచ్చారు. ఆ ఆదివారం ఈయన పైన మీట నొక్కిన క్షణంలోనే ఆయన కింద మీట నొక్కారు. తీగల్లేని స్పీకర్లు కదా, ఎవరు పిలిస్తే వాళ్ళ వెంట పోయాయి. పై ఇంటి స్పీకర్లు కింది సౌండ్‌బార్‌తో, కింది ఇంటి స్పీకర్లు పై సౌండ్‌బార్‌తో జత కట్టాయి. రెండు ఇళ్ళలోనూ స్పీకర్ల మీది చిన్న దీపాలు మిణుకుమిణుకుమనడం మానేసి నిలకడగా వెలిగాయి. ఇద్దరు పెద్దమనుషులూ తృప్తిగా నిట్టూర్చారు.

లైబ్రేరియన్ గారు పరీక్షకని సముద్రంలో చేపల కార్యక్రమం ఒకటి పెట్టారు. టీవీలో చేపలు ఈదుతున్నాయి. సోఫా వెనక నుంచి మాత్రం ఒక ఆడమనిషి వెక్కి వెక్కి ఏడ్చింది. "నన్నింత మోసం చేస్తావనుకోలేదు!"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. ఆయన మాటలు ఎన్నడూ వినపడని భార్యకు ఈ మాట మాత్రం ఒక్కసారికే వినపడింది.

"ఎవరండీ ఆవిడ?"

"స్పీకరే!"

"స్పీకరుకి మీరేం మోసం చేశారు?"

"నేనేం చెయ్యలేదే. చేపల్ని చూస్తున్నా."

ఆవిడ వచ్చి చేపల్ని చూసింది, భర్తను చూసింది, సోఫా వెనక్కి వంగి మరీ చూసింది. ఈలోగా ఏడుపు ఆగిపోయింది. కంపెనీవాళ్ళు పరీక్ష కోసం స్పీకర్లో ఏదో పెట్టి పంపి ఉంటారని ఆయన సర్దిచెప్పారు. ఆవిడ నమ్మిందో లేదో గానీ, భోజనాల దగ్గర పెరుగు మాత్రం తాను వేసుకున్నాకే ఆయనకు వడ్డించింది.

కింద కార్యదర్శి గారి కష్టం ఇంకో రకంగా ఉంది. చేపలు పైన ఈదుతుంటే నీళ్ళ బుడబుడలు ఆయన గోడ వారన వినిపించాయి. గోడలో పైపు కారుతోందని తీర్మానించారు. గోడకు చెవి ఆనించి విన్నారు, వేలితో తట్టి చూశారు, ప్లంబరుకు ఫోను చేశారు. "పైపు ఏ క్షణాన్నైనా పగలవచ్చు. అందరూ సిద్ధంగా ఉండవలెను" అని లిఫ్టు పక్కన కాగితం అంటించారు. ఆ తర్వాత టీవీ కట్టేసి కునుకు తీశారు.

పొద్దున్నే స్నేహితురాలింటికి వెళ్ళిన కూతురు సాయంత్రానికి తిరిగొచ్చింది, బావమరిదీ వచ్చాడు. బావమరిది కాగితం చదువుకునే వచ్చాడు. "మీ బిల్డింగ్ మునిగేలోపు సినిమా అయిపోతుందా బావగారూ?" అని పరాచికాలాడుతూ సోఫా మధ్యలో చతికిలబడ్డాడు.

సినిమా మొదలైంది. తెర మీద ఉరిమింది. ముందు నుంచి పలచగా ఏదో గరగరమంది. వెనక స్పీకర్లు కిమ్మనలేదు. సబ్‌వూఫర్ కంటే ఆ పూలకుండీయే నయమనిపించింది. ఆయన రిమోట్ పట్టుకుని వెనక స్పీకర్ల శబ్దం పెంచారు, ఇంకా పెంచారు, చివరంటా పెంచేశారు. లాభం లేదు.

"వెనక పెట్టినవి అందానికా బావగారూ?" అన్నాడు బావమరిది.

కూతురు తలదించుకుంది. "పోన్లే నాన్నా. రేపు మావయ్యతో వెళ్తాను" అంది మెల్లగా. లైబ్రేరియన్ గారు రిమోట్‌ని మళ్ళీ మళ్ళీ నొక్కారు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

అప్పుడు మెట్ల మీద కేకలు వినపడ్డాయి.

"పైపు పగిలింది! బయటికి రండి! అందరూ బయటికి!"

కార్యదర్శి గారు లుంగీ ఎగ్గట్టి, చేత బకెట్టుతో అన్ని తలుపులూ బాదుతున్నారు. బార్లా తెరిచిన ఆయన తలుపులోంచి కుండపోతగా వాన హోరు మెట్లంతా కమ్మేసింది. దాని వెనకే గోడలు అదిరేలా ఒక ఉరుము. జనం చేతికందింది పట్టుకుని పరుగులు తీశారు. ఒకావిడ పిల్లాడి స్కూలు సంచి తెచ్చుకుంది, ఒకాయన ఇస్త్రీపెట్టె తెచ్చుకున్నాడు. బావమరిది పంట్లాం మోకాళ్ళ దాకా మడిచి, తలుపు వెనక తగిలించి ఉన్న బావగారి గొడుగు లాక్కుని, "కారు అద్దాలు తీసి ఉన్నాయి!" అంటూ అందర్నీ తోసుకుని కిందికి దూకాడు.

తండ్రీకూతుళ్ళు మాత్రం మెట్ల మధ్యలో ఆగిపోయారు.

"నాన్నా... ఇది నా వాన."

ఆయన చెవి రిక్కించారు. ఆ చినుకులు గ్రంథాలయం సైకిల్ షెడ్డు రేకు మీద పడ్డవి. అవి రికార్డు చేయడానికి కూతురు తడిసి ముద్దయితే తువ్వాలు పట్టుకుని నిలబడింది ఆయనే. ఇంతలో మళ్ళీ ఉరిమింది. ఆ ఉరుము చివర సన్నగా కిర్రుమంది. సెలవు రోజున, పై అధికారికి తెలియకుండా, గ్రంథాలయం ఖాళీ హాల్లో ఉరుము కోసం తానే దొర్లించిన పుస్తకాల బండి! దాని వెనక చక్రానికి నూనె వెయ్యాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నారు.

"మన బండే!" అన్నారాయన.

ఇద్దరూ కార్యదర్శి గారింట్లోకి వెళ్ళి చూశారు. తివాచీ చుట్టి మంచం ఎక్కించి ఉంది. పొడి నేల మీద బకెట్లు వరసగా ఉన్నాయి. మూలన ఉన్న నల్లపెట్టె ఉరుముతోంది. కూతురికి ఒక్క చూపులో అంతా అర్థమైంది. పడీ పడీ నవ్వింది. అలా నవ్వి వారమైంది.

ఆవరణలో సాయంత్రపు ఎండ ఇంకా ఫెళ్ళున కాస్తోంది. గొడుగు కింద బావమరిది ఒక్కడే నిలబడి ఉన్నాడు. అద్దాలు ఎక్కించేసినట్టున్నాడు.

"వాన నిజం కాదట. దీని సినిమాలోదట" అంది కిందికి దిగొచ్చిన అక్క, లైబ్రేరియన్ గారి భార్య.

"నాకు తెలుసులే! ఎండకని తెచ్చా గొడుగు."

"మరి పంట్లాం ఎందుకు మడిచావురా?"

అతను గొడుగు మడిచి, వంగి పంట్లాం దించుకోవడంలో పడ్డాడు.

ఈసారి కూతురే దగ్గరుండి, ఒక ఇంటివి కట్టేసి ఇంకో ఇంటివి కలిపి, స్పీకర్లను ఎవరివి వాళ్ళకు అప్పగించింది. ఆ సందడిలో కార్యదర్శి గారు లైబ్రేరియన్ గారిని పక్కకు లాగారు. మొహాన కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

"అంటే పొద్దున నేను చూసిన సీరియలు... మీకు వినపడిందా?"

"మా దగ్గర ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్ళారో రెండోవాళ్ళకి చెప్పం సార్."

కార్యదర్శి గారు ఆయన చెయ్యి గట్టిగా నొక్కి వదిలారు. కాగితం చింపేశారు. "పైపు గోలకి బయటికొచ్చినవాళ్ళంతా సినిమా చూసే పోవాలి" అని ఇన్‌స్పెక్టరు గొంతుతో ఆర్డరేశారు.

లైబ్రేరియన్ గారి హాలంతా నిండిపోయింది. కూర్చోవడానికి చోటు చాలక ఒకావిడ సబ్‌వూఫర్ మీద కూర్చోబోతే ఇంటావిడే ఆపింది. "అది స్టూలు కాదండీ."

వాన వెనక నుంచి మొదలైంది. జనం నెత్తి మీదుగా నడిచి వచ్చింది. అంతా తెలిసి కూడా ఇద్దరు ముగ్గురు పైకి చూశారు. బావమరిది కాళ్ళు పైకి ముడుచుకున్నాడు. ఉరుముకు కిటికీ అద్దాలు గలగలమన్నాయి.

"రేపు నేను రాను మావయ్యా" అంది కూతురు చీకట్లో.

"వద్దులేమ్మా" అన్నాడతను, తెర మీద నుంచి చూపు తిప్పకుండా. "నీకెందుకా లెక్కలు."

లైబ్రేరియన్ గారికి గుండె ఉప్పొంగింది. ఇన్నేళ్ళుగా దాచుకున్న గొంతంతా ఒక్కసారి బయటికి తీశారు. "భేష్! అది నా కూతురు! భేష్!"

హాలంతా వెనక్కి తిరిగి ఆయన వంక కోపంగా చూసి, ఒక్క గొంతుతో "ష్!" అంది.

ఆయన సర్వీసు మొత్తంలో ఆ మాట ఆయన అనిపించుకోవడం అదే మొదలు.