ఎండ తగ్గించిన ఉత్తర్వు

ఆ ఉదయం వాతావరణాధికారి పెట్టుకున్న పని ఒక్కటే: కొత్త ఏసీ కింద కూర్చుని ఊళ్లన్నిటికీ ఎండెంతో చెప్పడం. ఆ ఏసీ కోసం ఆయన పైవాళ్ల చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు. ఆయన వానన్న రోజు దుప్పట్లు ఆరేసి, ఎండన్న రోజు వానకోటు వేసుకునే భార్య కూడా, "పోనీలెండి, మీవల్ల ఒక్క గదైనా చల్లబడింది," అని మెచ్చుకుంది.

బయటి పెట్టె ఎక్కడ బిగించమంటారని ముందురోజు మెకానిక్ అడిగితే, ఆయన కిటికీలోంచే వేలు చూపించాడు. "అదిగో, ఆ థర్మామీటరు గూడు పక్కన. అక్కడైతే వేడిగాలి మనుషులకు తగలదు."

మనుషులకు తగల్లేదు. మధ్యాహ్నం అటెండరు చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"సార్, నలభై తొమ్మిది!"

"నిన్న నలభయ్యే కదయ్యా?"

"మీరే వచ్చి చూడండి సార్."

అంత చల్లని గది వదిలి ఎండలోకి వెళ్లడానికి అధికారికి ప్రాణం ఒప్పలేదు. "రాసెయ్," అని, ప్రాంతమంతటికీ రెడ్ అలర్ట్ పంపించేశాడు.

ఇక చూడండి సంబరం! బళ్లు మూశారు, బజారు మూశారు. రేడియోలో ఓ డాక్టరు గుక్క తిప్పుకోకుండా జనాన్ని భయపెట్టాడు. ఉన్నవాళ్లంతా తలుపులు బిగించుకుని ఏసీలు పెట్టుకున్నారు. అంతలో భార్య ఫోన్ చేసింది.

"ఏవండీ, మీరు నిప్పులు కురుస్తాయన్నారని వానకోటేసుకుని బజారుకొచ్చాను. ఎండ నిన్నటిలాగే ఉంది. ఒక్క కొట్టూ తెరవలేదేంటి?"

అధికారికి అనుమానం వచ్చింది. కిటికీలోంచి చూస్తే, ఏసీ పెట్టె గూడు మొహాన్నే బుసకొడుతోంది. నిజం చెబితే ముందు ఏసీ పోతుంది, ఆ వెనకే ఉద్యోగం. నోటికి తాళం వేసుకున్నాడు.

ఇంతలో పై ఆఫీసు నుంచి ఫోన్. "శభాష్! భలే పసిగట్టారు! కానీ కరెంటు చాలడం లేదు. ఆఫీసుల్లో ఏసీలన్నీ ఆపెయ్యమని ఉత్తర్వు వేశాం. ముందు మీరే ఆపాలి."

"సార్, మాది చాలా చిన్న ఏసీ..."

"ఆపారా?"

"ఆపేశాను సార్," అన్నాడు, కూతుర్ని అత్తారింటికి పంపుతున్నవాడి గొంతుతో.

కాసేపటికి అటెండరు మళ్లీ వచ్చాడు. "సార్, నలభై!"

పైవాళ్లు ఆనందం పట్టలేకపోయారు. ఏసీలు ఆపగానే ఎండ తొమ్మిది డిగ్రీలు దిగొచ్చింది, ఇంతకంటే రుజువేం కావాలి? ఇకమీదట ఏ వేసవిలోనూ ఆఫీసుల్లో ఏసీ నడవకూడదని తీర్మానించారు. అధికారికి అభినందన పత్రం పంపారు. ఆయన దాంతోనే విసురుకుంటూ సాయంత్రం దాకా కూర్చున్నాడు.

చెమటతో తడిసి ముద్దై ఇల్లు చేరిన భర్తకు భార్య తువ్వాలు అందించింది. "నాకు తెలుసు. మీరు ఎండన్నప్పుడే అనుకున్నాను, వాన పడుతుందని."