ముక్కు పోలీసు

ఆ ఉదయం ఆకాశం మబ్బుతో మూసుకుపోయి ఉంది. డిజైనరు ముక్కూ అంతే. సూర్యుడి చుట్టూ కిరీటంలా వెలిగే కరోనాను అతినీలలోహిత కాంతిలో చూడటానికి పదేళ్లు కష్టపడి ఒక దుర్భిణి రూపొందించాడాయన. దాని అద్దాన్ని ఈరోజు గొట్టంలో బిగించాలి. అద్దం మూత తన చేత్తోనే తీయాలని ఆయన కోరిక.

"ఆగండి, ఛాతీకి జలుబు మందు పూస్తాను" అంది భార్య.

"ఒంటికేదీ తగలకూడదు! అద్దానికి కంటికి కనపడనంత జిడ్డు అంటితే చాలు, ఆ కాంతినంతా మింగేస్తుంది."

"సరే, ఒంటికి పూయన్లెండి" అని ఉతికిన బనీను అందించింది. ఆవిడ అంత తేలిగ్గా ఒప్పుకోవడం ఆయనకు వింతగా తోచాల్సింది.

దారిలో గుండెల్లో వెచ్చగా అనిపించింది. ఆనందమంటే ఇదే కాబోలనుకున్నాడు.

అద్దం ఉన్న గదిలోకి తలనూనె, పౌడరు, సెంటు నిషేధం. గుమ్మంలో ఒక్కొక్కరినీ వాసన చూసి పంపేది ఆయనే. చాటున అందరూ ముక్కు పోలీసు అనేవారు. తెల్ల తొడుగులు వేసుకుని లోపలికి అడుగుపెట్టారో లేదో, గాలిలో జిడ్డును కొలిచే మీటరు ముల్లు పైకి లేచింది.

"తలకి రాసుకొచ్చిందెవరు?"

ఆయన టెక్నీషియను మెడ దగ్గర గట్టిగా పీల్చాడు. ఏ వాసనా తగల్లేదు. అదే అనుమానంగా తోచింది.

"బాగా దాచావ్. పోయి తల కడుక్కో!"

"పొద్దునే కడుక్కున్నా సార్."

"మళ్లీ కడుక్కో."

ఆయన వంగి మీటరును దగ్గరగా చూశాడు. ముల్లు ఇంకా లేచింది. ఇంజనీరమ్మను చేతులు చాపమన్నాడు.

"క్రీము రాసి ఏడాదైంది సార్. ఎలా పగిలాయో మీరే చూడండి" అంది. అయినా ఆవిడా కుళాయి దగ్గరికే వెళ్లింది.

అంతలో డైరెక్టరు వచ్చాడు. "సాయంత్రానికి దుర్భిణిని పెట్టెలో పెట్టి సీలు వేయాలయ్యా. రాకెట్టు మనకోసం ఆగదు."

"మీసానికేం రాశారు సార్?"

డైరెక్టరు మీసం తడుముకుని కుళాయి వైపు నడిచాడు. నీళ్లు కారుతున్న మీసంతో తిరిగొచ్చాడు. "అందరం కడుక్కున్నాం. మిగిలింది నువ్వే. బయటికి నడు."

"నేనా! రెండుసార్లు స్నానం చేశాను!"

"మూడోదాని సంగతి తర్వాత. ముందు నడు."

ఆయన కిటికీ అవతల నిలబడి చూస్తుండగా ముల్లు నింపాదిగా దిగిపోయింది. ఇంటికి ఫోన్ చేశాడు.

"బనీనుకేం పూశావే?"

"మందే. ఒంటికి వద్దన్నారు గానీ బట్టకి వద్దన్నారా? ఇంత పెద్ద రోజున మీకు ఊపిరాడొద్దూ?"

తిడదామనుకున్నాడు. కానీ అప్పటికే లోపల టెక్నీషియను మూత తీస్తున్నాడు. అద్దం మచ్చ లేకుండా మెరిసింది. ఆయన కిటికీకి మొహం ఆనించాడు. ఊపిరి తగిలి గాజు మసకబారితే మోచేత్తో తుడుచుకుంటూ చూశాడు.

మధ్యాహ్నం క్యాంటీన్లో ఒకే బల్ల చుట్టూ తడి తలలతో కూర్చుని అందరూ తిన్నారు. డైరెక్టరు మీసం ఒక పక్కకి వాలిపోయింది. భోజనం సగంలో ఉండగా డిజైనరు ముక్కు తెరుచుకుంది.

ఆ రోజు ఆయన పట్టుకున్న మొదటి వాసన తనదే.