ఇరవై ఆరు వేల లాంతర్ల స్నేహద్వారం

మా ఈవూ నగరంలో చైనా–అరబ్బు వాణిజ్య సహకార మహాసభలు దిగ్విజయంగా జరిగినందువల్ల, పదకొండు రోజులపాటు చైనాకూ అరబ్బు దేశాలకూ మధ్య మా ఊళ్ళో వాణిజ్యం పూర్తిగా ఆగిపోయిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను.

ఏర్పాట్లలో వంక పెట్టడానికి వీల్లేదు. అతిథులు తలెత్తి చూస్తే ఆకాశం నీలంగా కనబడాలని ప్లాస్టిక్ పోతపోసే కార్ఖానాలన్నీ మూయించారు. అతిథుల కార్లకు అడ్డు రాకూడదని నాలుగు చక్రాలకు మించిన బండి ఊళ్ళోకి రాకూడదన్నారు, ఊళ్ళోంచి పోనూ కూడదన్నారు. గోదాముల గోడలు చూడముచ్చటగా లేవని వాటి ముందు మూడు వరసల పూలకుండీలు పేర్చారు. ఆ తరువాత గోదాం తలుపులు తెరుచుకోలేదు గానీ, పూలు మాత్రం బ్రహ్మాండంగా పూశాయి. సరుకు కదలదని తేలాక సిరియావాళ్ళూ యెమెన్‌వాళ్ళూ సూడాన్‌వాళ్ళూ మూటాముల్లే సర్దుకుని ఇళ్ళకు పోయారు. అరబ్బులతో సహకారం గురించి అడ్డూ ఆపూ లేకుండా మాట్లాడుకోవడానికి ఇంతకంటే అనువైన వాతావరణం ఎక్కడ దొరుకుతుంది చెప్పండి.

నేను దుబాసీని. పేరు హా వెన్‌లిన్. నింగ్‌షియా నుంచి వచ్చిన హ్వే ముసల్మాన్ని గనక అరబ్బులు నన్ను ఇద్రీస్ అని పిలుస్తారు. పందొమ్మిదేళ్ళుగా ఈ రెండు జాతుల మధ్యా మాటలు మోస్తున్నాను. తెలిసిన సంగతి ఒక్కటే: ప్రపంచంలో మొహమాటానికి పోటీ పెడితే మొదటి బహుమతి వీళ్ళిద్దరికీ సగం సగం పంచాలి. మావాడు ప్రాణం పోయినా కాదనడు, పరిశీలిస్తానంటాడు. అరబ్బువాడు తల తెగినా కుదరదనడు, దేవుడు తలిస్తే అంటాడు. ఇద్దరి మాటలూ కాస్త కత్తిరించి, కాస్త తీపి కలిపి అటూ ఇటూ అందించడం నా వృత్తి. ఉన్నదున్నట్టు చెబితే ఈ ఊళ్ళో ఒక్క బేరమూ తెగదు.

అలాంటి నేను ఒకే ఒక్కసారి ఉన్నదున్నట్టు చెప్పాను. దాని ఫలితమే ఈ కథ.

ఊరు విడిచి పోకుండా మిగిలిన ఒకే ఒక్క అరబ్బు వ్యాపారి హాజీ రిఫాత్. ఈజిప్టులో తాంతా ఊరివాడు, పద్నాలుగేళ్ళుగా వస్తున్నాడు. ఏటా రంజాన్ లాంతర్లు చేయించుకుపోతాడు. మీట నొక్కితే వెలిగి, గొంతు చించుకుని పాడే ప్లాస్టిక్ లాంతర్లు. ఆ నెలలో అక్కడ పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ అవి ఉండి తీరాలి. చేసిపెట్టేది లౌ గ్వేఫెన్. ఊరంతా ఆవిణ్ణి లౌ అక్క అంటుంది. ఆవిడ పోసిన పచ్చి టీలో ఈయన నాలుగు చెంచాల పంచదార వేసుకుంటుంటే, ఆవిడ తన కళ్ళెదుట హత్య జరుగుతున్నట్టు చూస్తూ కూర్చుంటుంది. అయినా పద్నాలుగేళ్ళలో మాట తేడా రాలేదు.

ఈసారి హాజీ గారు భార్య గాజులతో సహా ఊడ్చి ఇరవై ఆరు వేల లాంతర్లు చేయించాడు. అన్నీ తయారై పెట్టెల్లో ఉన్నాయి. రంజాన్‌కి ముందు ఈజిప్టు చేరే ఆఖరి ఓడ పన్నెండో రోజు పొద్దున నింగ్‌బో రేవు నుంచి బయల్దేరుతుంది. అది అందితే తాంతాలో కొట్టు నిలబడుతుంది. అందకపోతే, పండగ దాటిన లాంతరు చెత్తబుట్టకి తప్ప ఎందుకూ పనికిరాదు.

సరిగ్గా అప్పుడే మైత్రీ వాణిజ్య సమన్వయ సంఘం డైరెక్టర్ పాంగ్ గారికి ఒక సజీవ నిదర్శనం కావలసివచ్చింది. అరబ్బులతో వాణిజ్యం వర్ధిల్లుతోందని మహాసభలో చూపించడానికి కనీసం ఒక అరబ్బు వ్యాపారి ఉండాలని చివరి నిమిషంలో ఎవరికో తోచింది. ఊరంతా గాలిస్తే హాజీ రిఫాత్ దొరికాడు. పాంగ్ గారు ఇద్దరు ఫొటోగ్రాఫర్లను వెంటబెట్టుకుని లౌ అక్క కార్ఖానాకి దయచేశారు. ఒక లాంతరు చేతిలోకి తీసుకుని మీట నొక్కారు. అది పాడింది. ఆయన ముగ్ధులయ్యారు.

ఇక్కడ రెండు ఆచారాలు చెప్పాలి. ఈజిప్టులో ఎవరైనా మీ వస్తువును మెచ్చుకుంటే, ఇది మీదే, పట్టుకెళ్ళండి అనాలి. మెచ్చుకున్నవాడు ఒద్దనాలి. మళ్ళీ అనాలి, మళ్ళీ ఒద్దనాలి. పదిసార్లన్నా పదిసార్లూ ఒద్దనాలి. వస్తువు కదలకూడదు, అదే మర్యాద. మా దగ్గర ఎవరైనా ఏదైనా ఇస్తే మొదటిసారి ఒద్దనాలి, రెండోసారీ ఒద్దనాలి, మూడోసారి పుచ్చుకోవాలి. మూడోసారి కూడా ఒద్దంటే ఇచ్చినవాణ్ణి అవమానించినట్టు.

"మీకు నచ్చాయి గనక ఇవన్నీ మీవే, డైరెక్టర్ గారూ" అన్నాడు హాజీ రిఫాత్, ఛాతీ మీద చెయ్యి వేసుకుని.

పాంగ్ గారు అయ్యయ్యో, అలా ఎలాగండీ అన్నారు. హాజీ గారు మళ్ళీ అన్నాడు. పాంగ్ గారు మళ్ళీ ఒద్దన్నారు. హాజీ గారు ముచ్చటగా మూడోసారి అన్నాడు. నేను కిందటి రంజాన్‌లో తప్పిన ఒక ఉపవాసం ఆ పూట తీర్చుకుంటూ నీరసంగా ఉండి, కత్తిరించే ఓపిక లేక మూడుసార్లూ ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఇంత ప్రేమగా ఇస్తుంటే ఇంక కాదంటే బాగుండదు" అన్నారు పాంగ్ గారు, కళ్ళు తుడుచుకుంటూ.

ఇరవై ఆరు వేలూ సాయంత్రానికల్లా తరలిపోయాయి. లారీలకు అనుమతి లేదు గనక మూడు చక్రాల బళ్ళ మీద పోయాయి. హాజీ గారు నా వైపు చూశాడు. ఆ చూపును అనువదించమని ఎవరూ అడగలేదు.

మహాసభ మంటపం ముందు ఆ లాంతర్లతో ఏడంతస్తుల ఎత్తున స్నేహద్వారం కట్టారు. ప్రారంభం రోజున గాలి వీచింది. లాంతర్లు ఒకదానికొకటి తగిలి మీటలు నొక్కుకున్నాయి. ముఖ్య అతిథి ఉపన్యాసం మధ్యలో కొన్ని వేల లాంతర్లు ఒక్కుమ్మడిగా, తలో చోటు నుంచి పాటెత్తుకున్నాయి. కార్యక్రమ సూచికలో లేకపోయినా అందరూ లేచి నిలబడ్డారు, ఎవరిదో జాతీయగీతం అనుకుని. ఆ మధ్యాహ్నమే భద్రతాధికారులు నిచ్చెనలెక్కి బ్యాటరీలన్నీ పీకించి, ఎవరికీ తెలియనంత భద్రమైన చోట దాచారు.

మహాసభలో పదిహేడు ఒప్పందాలు కుదిరాయి. మొదటిది, సరుకు రవాణాలో జాప్యాన్ని నివారించే మార్గాలను మూడేళ్ళలోగా అధ్యయనం చేయడానికి సంఘం వేయడం. తొమ్మిదోది, మొదటి సంఘంలో ఎవరుండాలో తేల్చడానికి ఇంకో సంఘం వేయడం. పదిహేడోది, చైనాలో తయారయ్యే రంజాన్ లాంతర్లను అరబ్బు దేశాలకు పంపించడం సాధ్యమేనా అని పరిశీలించడం. దీని మీద సంతకాలవుతున్నప్పుడు హాజీ రిఫాత్ వేదిక మీదే ఉన్నాడు. ఆదర్శ వాణిజ్య మిత్రుడు అన్న పట్టీ మెడలో వేసి, మూడో కుర్చీలో కూచోబెట్టారు. ప్రతి విందులోనూ ఆయన నా చొక్కా పట్టుకుని, నా లాంతర్లు ఎప్పుడిస్తారో అడుగు ఇద్రీస్ అని ప్రాధేయపడేవాడు. నేను అడిగేవాణ్ణి. వాళ్ళు పరిశీలిస్తున్నామనేవారు. తరువాత ఇంకో వేట మాంసం పళ్ళెం వచ్చేది. పది రోజుల్లో ఆయన మూడు కిలోలు పెరిగి, పదేళ్ళు ముసలాడయ్యాడు.

లౌ అక్క ఒక్కతే మొహమాటం లేని మనిషి. తిన్నగా పాంగ్ గారి దగ్గరికి పోయి, ఆయన మర్యాదకన్నాడు, మీరు సిగ్గులేకుండా తీసుకున్నారు, తిరిగిచ్చెయ్యండి అంది. పాంగ్ గారు ఆవిడ సలహాకు ధన్యవాదాలు చెప్పి, ఆవిడ కార్ఖానా ఇంకో వారం మూసి ఉంచమన్నారు.

పదకొండో రోజు ముగింపు సభ. ఆదర్శ మిత్రుడు మూడు నిమిషాలు స్పందించాలి. స్పందనకు చైనా అనువాదం అంతకు ముందురోజే తయారై, మూడు సంతకాలతో నా చేతికి వచ్చింది. ఆయనేం మాట్లాడతాడో ఆయనకే ఇంకా తెలియదు గానీ, అనువాదం మాత్రం అచ్చు తప్పులు లేకుండా ఉంది.

హాజీ రిఫాత్ మైకు ముందు నిలబడ్డాడు. మెడలో పట్టీ తీసి బల్ల మీద పెట్టాడు.

"అయ్యలారా, ఆ ద్వారానికి కట్టినవి నా లాంతర్లు. రేపు పొద్దున ఆఖరి ఓడ వెళ్ళిపోతుంది. నేను మాటవరసకి ఇస్తానన్నాను, మీరు తీసేసుకున్నారు. ఇచ్చింది తిరిగి అడగడం మా ఇంటావంటా లేదు. సిగ్గు విడిచి అడుగుతున్నా, నా సరుకు నాకిచ్చి ఒక్క లారీకి దారి వదలండి. లేకపోతే నేను నా ఊళ్ళో తలెత్తుకోలేను."

అందరూ నా వైపు తిరిగారు. పాంగ్ గారు కూడా. నేను గొంతు సవరించుకుని కాగితం విప్పాను.

"మిత్రులారా, ఆ ద్వారానికి కట్టినవి లాంతర్లు కావు, రెండు మహాజాతుల హృదయాలు. నా జీవితంలో ఇంతకంటే ఘనమైన బేరం కుదరలేదు. నా సరుకు సమస్తం ఈ స్నేహానికే అంకితం."

పదకొండు వందల మంది లేచి నిలబడి కొట్టిన చప్పట్లకు మంటపం అదిరింది. హాజీ రిఫాత్ బొటబొటా కన్నీళ్ళు కారుస్తూ నన్ను కావిలించుకున్నాడు.

"బతికించావు ఇద్రీస్. చూడు, అందరికీ అర్థమైంది" అన్నాడు.

ఆయన వీపు తడుతూ నిలబడ్డాను. ఇంకేం చెయ్యను.

మర్నాడు తెల్లారగానే ఆయన లౌ అక్క మాట్లాడిన ఖాళీ లారీతో ఊరి పొలిమేరలో నిలబడ్డాడు. కాపలావాళ్ళు ఆదర్శ మిత్రుణ్ణి గుర్తుపట్టి సలాం కొట్టారు, పక్కన నిలబడి ఫొటోలు దిగారు, లారీని మాత్రం వెనక్కి పంపేశారు. ద్వారాన్ని శాశ్వతంగా ఉంచాలని ఉదయమే తీర్మానమైందట, ఆదర్శ మిత్రుడి హృదయపూర్వక కోరిక మేరకు. తొమ్మిదింటికి ఓడ వెళ్ళిపోయింది.

విమానానికి ముందు ఆయన లౌ అక్క దగ్గర ఆఖరి టీ తాగాడు. పంచదార వేసుకోలేదు. వాళ్ళిద్దరికీ పద్నాలుగేళ్ళ బేరాల్లో అబ్బిన అరకొర అరబ్బీ ఒకటుంది, దానికి నాతో పనిలేదు.

"లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారక్కా. అంతా విన్నాక కూడా ఒక్కడూ కదల్లేదు. అలాంటి మనుషులుంటారని నేననుకోలేదు" అన్నాడు.

లౌ అక్క ముగింపు సభను టీవీలో చూసింది, నా గొంతుతో, చైనా భాషలో. ఏం మాట్లాడావని ఆయన్ని అడిగింది. ఆయన చెప్పాడు. ఆవిడ నా వైపు తిరిగింది.

"ఈయనకి చెప్పన్లే. ఏడుస్తూ పోతున్నాడు, నవ్వులపాలయ్యానని కూడా తెలియాలా" అంది నాతో, మా భాషలో. ఆ రోజు నుంచి నాకు టీ పొయ్యలేదు.

మీరిప్పుడు నా గురించి ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. నాలాంటివాణ్ణి నిలువునా పాతెయ్యాలనుకుంటున్నారు. తప్పులేదు, అనుకోండి. కానీ ఒక్క చిన్న వివరం మనవి చేసుకుంటాను. ఆ పదకొండు వందల మందిలో విద్యార్థులూ ఆచార్యులూ దౌత్యాధికారులూ నాతోటి దుబాసీలూ కలిపి రెండు వందల మందికి రెండు భాషలూ క్షుణ్ణంగా వచ్చు. ఆయన అన్నదీ విన్నారు, నేను చెప్పిందీ విన్నారు. అందరికంటే ముందు లేచి నిలబడింది వాళ్ళే. మీరూ అలాంటి సభలకు వెళుతూనే ఉంటారు గదా, ఏ వరసలో కూర్చుంటారో నేను అడగను. చప్పట్లు మాత్రం బాగా కొడతారని విన్నాను.